ఒంటిపూట బడులు, ఉగాది: చిన్నపిల్లలతో బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

బెజవాడ, గుంటూరు వైపు వాళ్లకు.

– భవానీ ద్వీపానికి పడవ ఎక్కే ముందు పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడగండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పిల్లాడు అందులోంచి కిందికి జారిపోతాడు. జాకెట్ లేకపోయినా, జనం కిక్కిరిసినా దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోనీ. 2017 నవంబరులో ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు.

– ఘాట్ మెట్ల మీద చెయ్యి వదలొద్దు. పాచి పట్టిన మెట్టు చూస్తే తెలీదు. సెల్ఫీ తర్వాత.

– ఉండవల్లి గుహలకు పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే రాయి కాలుతుంది, చెప్పులు విప్పితే పిల్లలు ఏడుపే. పై అంతస్తుల్లో అంచు దగ్గర పరుగులు వద్దు.

– ఇంట్లో బొమ్మలు చేయిస్తుంటే చింతగింజలు, పూసలు మూడేళ్లలోపు వాళ్లకు ఇవ్వొద్దు. గొంతులోనో ముక్కులోనో ఇరుక్కుంటాయి. వాళ్లకు గోధుమపిండి ముద్ద చాలు, పసుపు కలిపితే రంగు కూడా వస్తుంది (బట్టలకూ వస్తుంది, పాతవి వేయండి).

– కొండపల్లి బొమ్మ కొంటే ఏ రంగు వేశారో అడగండి. కొన్నిటికి కూరగాయల రంగులు, కొన్నిటికి ఎనామిల్ పెయింట్ వాడతారు. నోట్లో పెట్టుకునే వయసైతే షోకేసులోనే ఉంచండి.

– తోరణం గుచ్చడానికి స్టాప్లర్ పిన్నులు వద్దు, పురికొస చాలు.

– మామిడికాయ ముచ్చిక పెద్దవాళ్లే తుంచాలి. సొన తగిలితే చర్మం పొక్కుతుంది.