నార్వే పాత వెండి చెంచాలు – పాఠం 3: ముద్ర చదవడం, వాడటం

కిందటి పాఠంలో ఏ ముక్క ఏ పనికో చూశాం. ఇప్పుడు అసలు విద్యకు వద్దాం. నార్వేలో బడి బ్యాండు పిల్లల కోసం డబ్బు కూడబెట్టేందుకు పెట్టే పాత సామాన్ల సంతలో, లొప్పెమార్కెడ్‌లో, ఒక చెంచా మీ చేతికొచ్చిందనుకోండి. ముందువైపు పూలూ లతలూ ఎంత ముచ్చటగా ఉన్నా సరే, వెంటనే తిప్పి కాడ వెనకవైపు భూతద్దంతో చూడండి.

అక్కడ '830ఎస్' అని ఉంటే, వెయ్యి పాళ్లలో 830 పాళ్లు వెండి, మిగిలినది ముఖ్యంగా రాగి. స్టెర్లింగ్ వెండిలోని 925 పాళ్ల కన్నా తక్కువ కదా అని దీన్ని చిన్నచూపు చూడకండి. ఆ రాగి వల్లే లోహం కాస్త గట్టిగా ఉండి, రోజువారీ వాడకానికి నిలుస్తుంది. పక్కన తయారీదారు గుర్తు ఉంటుంది. త్రాసు బొమ్మకు అటూ ఇటూ డి, ఎ అక్షరాలుంటే అది 1876లో మొదలైన డేవిడ్ ఆండర్సన్ సంస్థది. ఊరి పేరు క్రిస్టియానియా అని ఉంటే ఆ వస్తువు 1925కు ముందుది. ఆ ఏడాదే నగరం పేరు ఓస్లో అయింది.

ఎక్కువమంది తడబడేది '40 జీఆర్', '60 జీఆర్' ముద్రల దగ్గర. అది వేరే లోహం మీద వేసిన వెండి పూత కొలత, అంతేగాని ఆ చెంచాలో అన్ని గ్రాముల వెండి ఉందని కాదు. ఇక్కడ అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. పూత కింద సాధారణంగా ఉండే నికెల్ మిశ్రమానికీ అది అంటుకోదు. చెంచా బల్ల మీద ఆనే అడుగుభాగం చూడండి. పూత మొదట అరిగేది అక్కడే. అరిగితే పసుపు ఛాయ లోహం బయటపడుతుంది.

ఇక తూకం. 50 గ్రాముల 830ఎస్ ఫోర్కులో 41.5 గ్రాముల వెండి ఉన్నట్టు. కత్తులకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటి పిడి లోపల బోలు, అందులో లక్కలాంటి పదార్థం నింపి ఉంటుంది, అలుగు ఉక్కుది. కత్తిని వెండి ధరకు తూచి అమ్మేవారి దగ్గర కొనకండి.

చెక్కిన పేరు అక్షరాలున్న ముక్కలు చవకగా వస్తాయి, నిస్సందేహంగా తీసుకోండి. ఆ అక్షరాలు అరగదీయించిన ముక్కలే చేటు. కాడను దీపం కింద వాలుగా పట్టి చూస్తే, అరగదీసిన చోట వెలుతురు వంకర పోతుంది. అక్కడ లోహం పలచబడింది, రేపు వంగేదీ అక్కడే.

కొన్నాక బీరువాలో దాచకండి, రోజూ వాటితోనే తినండి. వాడే వెండి అంత త్వరగా నలుపెక్కదు. గుడ్డులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, ఉప్పు తినేస్తుంది. అందుకే పాత ఉప్పు చెంచాల గిన్నెకు బంగారు పూత కనిపిస్తుంది. ఊరగాయ జాడీలో వెండి చెంచా వదిలేయడం మాత్రం అస్సలు వద్దు. గోరువెచ్చని నీళ్లతో చేత్తో కడిగి, వెంటనే మెత్తని గుడ్డతో తుడవండి. డిష్‌వాషర్ వేడికి కత్తి పిడిలోని లక్క మెత్తబడి అలుగు ఊడుతుంది. కట్టలు కట్టడానికి రబ్బరు బ్యాండ్లు వద్దు, వాటిలోనూ గంధకమే.

వచ్చే పాఠానికి అభ్యాసం: దొరికిన పాత చెంచా ఒకటి తీసుకుని ముద్రను కాగితం మీద గీయండి, తూచి వెండి లెక్క కట్టండి. నల్లబడ్డదాన్ని తోమకుండా అలాగే ఉంచండి, శుభ్రం చేసే పద్ధతులు దాని మీదే నేర్చుకుందాం.