దాచిపెట్టిన రెడ్ వైన్‌ని ఇంట్లో భోజనంతో ఎలా తాగాలి, బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మా అక్కా బావగారు బయటి దేశంలో ఉంటారు, వచ్చినప్పుడల్లా డ్యూటీ ఫ్రీలో ఒక మంచి రెడ్ వైన్ సీసా కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టి "ఇప్పుడే తీయకు రా, ఐదారేళ్లు దాచి అప్పుడు చూడు" అని చెప్పి వెళ్లిపోతారు. మొదటిసారి నేను ఆ సీసాని చాలా భద్రంగా వంటింటి సజ్జ మీద ఊరగాయ జాడీల పక్కన పెట్టా. మాది విజయవాడ పటమటలో పై అంతస్తు, సజ్జ మీద శ్లాబు, శ్లాబు మీద సూర్యుడు, మధ్యలో ఇంకేం లేదు. రెండు వేసవులు గడిచాక దింపి చూస్తే బిరడా కాస్త పైకి లేచి ఉంది, పైన రేకు కింద జిగటగా కారి ఎండిపోయి ఉంది, లోపలున్నది ఉడకబెట్టిన ద్రాక్ష పానకం లాగా ఉంది. పక్కనున్న ఆవకాయకి మాత్రం ఏమీ కాలేదు, దానికి ఉప్పూ నూనే కాపలా. బావగారికి ఇప్పటిదాకా ఈ సంగతి చెప్పలేదనుకోండి.

ఆ తర్వాత పడుతూ లేస్తూ నేర్చుకున్నది ఇది, వరసగా చెప్తా.

1. అసలు ఏది దాచాలి?

షాపులో దొరికే రెడ్ వైన్లలో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసినవే, దాచితే బాగుపడవు, నీరసపడతాయి. వగరూ పులుపూ రెండూ గట్టిగా ఉన్నవే ఏళ్ల తరబడి నిలబడతాయి. కాబెర్నే సావిన్యో అనే ద్రాక్షతో చేసినవి, ఇటలీ బరోలో, స్పెయిన్ రియోహా లాంటివి. మన దేశంలోవి అయితే నందిహిల్స్ దగ్గర గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్, అక్లూజ్ వైపు ఫ్రాటెల్లి వాళ్ల సెట్టె, హంపి కొండల దగ్గర క్రిస్మా వాళ్ల కాబెర్నే, వీటిని కొన్నేళ్లు ఉంచొచ్చు. లేబుల్ మీద ఉండే సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం, సీసాలో పోసిన సంవత్సరం కాదు. మన దగ్గర కోత శీతాకాలం చివర్నించి వేసవి మొదట్లోకి అయిపోతుంది, ఫ్రాన్స్‌లో సెప్టెంబర్, అక్టోబర్ అలా అవుతుంది, అంటే ఒకే సంవత్సరం వేసుకున్నా మన సీసా వయసులో ఆరేడు నెలలు పెద్దది.

నన్నడిగితే బెజవాడ వాళ్లకి సులువైన దారి ఒకటుంది, తయారుచేసినవాళ్లే దాచి అమ్మే వైన్ కొనుక్కోవడం. రియోహాలో గ్రాన్ రిజర్వా అని రాసుంటే కనీసం 5 ఏళ్లు ఆగాకే బయటికి వదలాలి, అందులో కనీసం 2 ఏళ్లు ఓక్ పీపాల్లో ఉండాలి, అది అక్కడి రూలు. ఎండతో కుస్తీ పట్టే పని వాళ్ల చల్లటి గోడౌనే చేసిపెట్టిందన్నమాట.

2. ఎక్కడ పెట్టాలి?

12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేకపోవడం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఇది అల్మరాలో దొరకదు, చిన్న వైన్ కూలర్ కొనాల్సిందే, పన్నెండు సీసాలు పట్టేవి వస్తాయి. కరెంటు పోయిందని కంగారు పడి తలుపు తీసి చూడకండి, మూసి ఉంచితే కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది. కూలర్ కొనలేం అంటే మామూలు ఫ్రిజ్‌లో కింది కూరగాయల అరలో నాలుగైదు నెలలు పర్లేదు, అంతకు మించి వద్దు, బిరడా ఎండిపోతుంది. బిరడా సీసాలు పడుకోబెట్టాలి, వైన్ తగులుతూ ఉంటేనే బిరడా తడిగా ఉబ్బి గాలి రాకుండా చూస్తుంది. మర మూత సీసాలని ఎలా పెట్టినా ఒకటే.

3. ముందు రోజు: నిలబెట్టండి

వైన్ పాతబడే కొద్దీ రంగూ వగరూ ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కి దిగుతాయి, అదే మడ్డి. తాగేముందు కనీసం ఒక రోజు సీసాని నిలబెడితే మడ్డంతా అడుక్కి చేరుతుంది. పనిలో పనిగా లైటుకి అడ్డంగా పెట్టి వైన్ ఎక్కడిదాకా ఉందో చూడండి. మెడ దాకా ఉంటే మంచిది, భుజం కిందికి దిగిపోయి ఉంటే గాలి దూరినట్టే, అలాంటప్పుడు ఇంకో సీసా రెడీగా పెట్టుకోండి, అతిథుల ముందు పరువు పోకుండా.

4. వంట

ఇక్కడే మనం ఎక్కువ దెబ్బ తింటాం. పాత వైన్ గొంతు చాలా చిన్నది, మన కూరల గొంతు చాలా పెద్దది. గుంటూరు మిరపకాయ మంట మీద ఆల్కహాల్ పడితే మంట ఇంకా రేగుతుంది, వగరు ఇంకా గరుగ్గా తగుల్తుంది, పదేళ్లు దాచిన వాసనలన్నీ ఆ మంటలో మునిగిపోతాయి. గోంగూర మాంసం నాకు ప్రాణం కానీ ఆ పులుపు ముందు పాత వైన్ చప్పగా నీళ్లలాగా అయిపోతుంది. చేపల పులుసైతే ఇంకా ఘోరం, రెడ్ వైన్‌కీ చేపకీ కలిసి నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు ఉంటుంది.

మా ఇంట్లో కుదిరినవి చెప్తా. మటన్ ఇగురు, మిరియాలూ ధనియాలూ కొంచెం గసగసాలూ వేసి, ఎండుకారం మూడొంతులు తగ్గించి, సన్న సెగ మీద ముక్క మెత్తబడే దాకా. పుట్టగొడుగులు నెయ్యిలో వేయించి మిరియాల పొడి. గుత్తి వంకాయలో చింతపండు తగ్గించి వేరుశెనగపప్పూ నువ్వులూ బాగా వేయించి పెట్టినా సరిపోయింది. నేను అస్సలు ఊహించనిది ఉలవచారు, గంటల తరబడి మరిగి చిక్కబడ్డ ఆ మట్టి రుచి పాత రెడ్ వైన్‌లో వచ్చే మట్టి వాసనకి అన్నదమ్ముడి వరస, మీద మీగడ వేసి చిన్న గిన్నెలో పెట్టండి చాలు, కాకపోతే అందులో కూడా చింతపండు చెయ్యి బిగబట్టి వేయాలి.

మొదటిసారి ఇలా వండించినప్పుడు మా అమ్మ "కారం లేకుండా కూరేంట్రా, ఎవరికన్నా పథ్యమా?" అంది. రాజీ ఏంటంటే వైన్ అయిపోయే దాకా ఈ కూరలు, అయిపోయాక ఆవకాయా పెరుగన్నం, ఎవరిష్టం వాళ్లది.

ఇంకోటి, తిరగమోతలూ వేపుళ్లూ అతిథులు రావడానికి గంట ముందే ముగించి కిటికీలు తీసేయండి. ఎండుమిర్చి ఘాటుకి దగ్గుతూ వైన్ వాసన పట్టలేరు. అగరొత్తులు కూడా ఆ పూటకి వద్దు. టేబుల్ మధ్యలో మల్లెపూలు పెడదామని మా ఆవిడ అంటే అదొక్కటే కాదనలేకపోయా, హాల్లో పెట్టించా.

5. ఎంత చల్లగా?

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలనే మాట చలి దేశాల పాత ఇళ్లలో పుట్టింది, ఆ గదులు 18 డిగ్రీలు దాటేవి కాదు. మన రూమ్ 32. వైన్ 16, 17 దగ్గర ఉండాలి. బయటున్న సీసా అయితే ఫ్రిజ్‌లో గంటన్నర, తొందరగా కావాలంటే ఐసూ నీళ్లూ కలిపిన బకెట్‌లో పదీ పన్నెండు నిమిషాలు, కానీ బకెట్‌లో కూడా సీసాని నిలువుగానే దించండి, ఒక రోజంతా దిగిన మడ్డి మళ్లీ కదలకూడదు. కూలర్ లోంచి తీసిందైతే పోసి పది నిమిషాలు ఆగండి, మన ఊరి గాలి మిగతాది చూసుకుంటుంది. వేడెక్కితే ముందు ఆల్కహాలే ముక్కుకి కొడుతుంది.

6. తీయడం, వంచడం

పాత బిరడా రస్కులాగా పొడిపొడి అయిపోతుంది. కార్క్ స్క్రూని సరిగ్గా మధ్యలో దించి, హడావుడి లేకుండా నిటారుగా లాగండి, పక్కకి వంచితే సగం విరిగి లోపలే ఉంటుంది. విరిగిందా, ఏం పర్లేదు, మిగిలిన ముక్కని లోపలికి తోసేసి శుభ్రమైన పల్చటి గుడ్డలోంచి వడకట్టుకోండి. సీసా మూతి చుట్టూ నల్లటి బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవండి, అది బయటి తేమ వల్ల వచ్చింది, లోపలికి సంబంధం లేదు.

ఇప్పుడు ఒక గాజు జగ్గు తీసుకోండి, స్టీలుది వద్దు, లోపల ఏం జరుగుతోందో కనపడదు. సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించి టేబుల్ మీద పైకి చూసేలా పెట్టి, సీసా మెడ సరిగ్గా ఆ లైటు పైకి వచ్చేలా పట్టుకుని, చారు తేట వంచుకుంటాం చూడండి అలా, ఒకే ఊపులో, మధ్యలో ఆపకుండా, నెమ్మదిగా వంచండి. మొదట కెంపు రంగులో తేటగా వస్తుంది. చివరికొచ్చేసరికి మెడలో పొగలాగా ఒక సన్నటి చార కదుల్తుంది, ఆ వెనకే నల్లటి రవ్వ. చార కనపడగానే ఆపేయాలి. అడుగున రెండు మూడు చెంచాలు మిగిలిపోతాయి, కక్కుర్తి పడొద్దు, చేదుగా ఉంటుంది.

కొత్త గట్టి వైన్‌ని జగ్గులో గంటా రెండు గంటలు ఉంచితే మెత్తబడుతుంది, కానీ పదిహేను ఇరవై ఏళ్లది అలా ఉంచితే గాలికి ఉన్న వాసన కాస్తా పోతుంది. దాన్ని కూర్చునే ముందే వంచి వెంటనే పోయడమే.

7. చూడటం, వాసన, రుచి

భోజనానికి ముందు ఒక గుక్కెడు ఖాళీ నోటితో తాగండి. గ్లాసు మూడో వంతుకి మించి నింపకండి, అల్మరా వాసనా సబ్బు వాసనా లేకుండా ముందే వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంచండి.

గ్లాసుని తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూడండి. చింతపండు పాతదైతే నల్లబడుతుంది కదా, రెడ్ వైన్ దానికి రివర్సు, పాతబడే కొద్దీ పల్చబడుతుంది, వంగపండు రంగు పోయి అంచు దగ్గర ఇటుక రంగు తిరుగుతుంది. పదేళ్ల వైన్‌కి ఇటుక రంగు సహజం, మూడేళ్ల దానికే వచ్చిందంటే ఎక్కడో వేడి తగిలి ఉండొచ్చు.

తర్వాత గ్లాసు తిప్పి ముక్కు పెట్టండి. కొత్త వైన్‌లో నేరేడుపండు లాంటి పండ్ల వాసన ముందుంటుంది, పాతదాంట్లో అవి ఎండు ద్రాక్షా ఖర్జూరంలా మారి, వెనక నుంచి తోలూ, దేవదారు చెక్కా, పుట్టగొడుగులూ, తొలకరికి తడిసిన ఎండుటాకులూ వస్తాయి. కాబెర్నే అయితే ఎండు పొగాకు కూడా. ఈ విషయంలో గుంటూరు వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, 1976లో పెట్టినప్పటి నుంచీ పొగాకు బోర్డు హెడ్డాఫీసు వాళ్ల ఊళ్లోనే ఉంది, పొగాకు ఎండబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు వచ్చే వాసన తెలిసినవాడు గ్లాసులో దాన్ని ఇట్టే పట్టేస్తాడు.

తడిసిన అట్టపెట్టె వాసనో, వానాకాలం ఆరని గుడ్డల కంపో వస్తే అది బిరడా జబ్బు, టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది, ఆరోగ్యానికి ఏం కాదు కానీ ఎంతసేపు గాలికి పెట్టినా పోదు. సిర్కా, అంటే వెనిగర్, ఘాటు కొడితే పని అయిపోయినట్టే. ఉడికిన జామ్ వాసన వస్తే నా సజ్జ గుర్తు చేసుకోండి.

నోట్లో పోసుకుని వెంటనే మింగకండి, అటూ ఇటూ తిప్పండి. నీళ్లూరితే పులుపు ఉన్నట్టు, పచ్చి జామకాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తే వగరు ఉన్నట్టు. మింగాక మనసులో లెక్కపెట్టుకోండి, ఐదులోపే రుచి మాయమైతే మామూలు వైన్, పదిహేను ఇరవై దాకా ఉంటే మంచి సరుకు.

నూటికి ఇన్ని మార్కులని వేసే పద్ధతి అమెరికాలో రాబర్ట్ పార్కర్ అనే ఆయన వల్ల పాపులర్ అయింది, నాకైతే అది పరీక్ష పేపర్లు దిద్దినట్టుంటుంది. నేను చూసేది ఒక్కటే, ఇంకా దాచాలా, ఇప్పుడే తాగాలా, టైమ్ దాటిందా. పండు రుచి నిండుగా ఉండి వగరు ఇంకా పట్టుకుంటుంటే, అదే వైన్ ఇంకో సీసా ఉంటే రెండు మూడేళ్లు కదపొద్దు. వగరు మెత్తబడి పండూ తోలూ రెండూ కనిపిస్తుంటే ఇదే టైము. పండు పోయి వగరు మాత్రం మిగిలిందంటే ఇంకెన్నేళ్లు ఉంచినా బాగుపడదు.

8. భోజనంతో

750 మిల్లీల సీసా, తలా 125 వేసుకుంటే ఆరుగురికి. ముద్ద, గుక్క, మధ్యలో మంచినీళ్లు. ఖాళీ నోటితో తాగినప్పుడు వగరనిపించింది మటన్ ముద్ద తర్వాత తగ్గిందా లేదా చూడండి, మాంసం, కొవ్వు, ఉప్పు ఆ వగరుని చాలావరకు లాగేస్తాయి. ప్రతి అరగంటకీ ఒకసారి వాసన చూడండి, ఒకే గ్లాసు మొదట మూసుకుపోయినట్టుండి తర్వాత విచ్చుకోవచ్చు, లేదా కళ్లముందే వాడిపోనూ వచ్చు. ఫోన్‌లో తేదీ, సీసా పేరు, సంవత్సరం, రెండు ముక్కలు రాసిపెట్టుకోండి, తెల్లారితే ఏదీ గుర్తుండదు. బండి మీద వారధి దాటాల్సినవాళ్లకి ఆటో పిలవండి. మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగాలి.

9. మిగిలితే

చిన్న సీసాలో మూతి దాకా నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. కొత్త వైన్ రెండు మూడు రోజులు ఆగుతుంది, పాతది మర్నాటికే నీరసం. జగ్గుకి సబ్బు వాడకండి, వాసన వదలదు, గుప్పెడు బియ్యం గింజలూ గోరువెచ్చటి నీళ్లూ పోసి గిలకరించి బోర్లించేయండి.