ముసురులో మాటు: చలికీ తడికీ నిలిచే వేట దుస్తుల ఎంపిక

నీరు గడ్డకట్టే చలి కంటే, సున్నాకు కాస్త పైన, అంటే 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ముసురు పట్టిన రోజే వేటగాడిని ఎక్కువగా కష్టపెడుతుంది. మైనస్ 10 డిగ్రీలలో కురిసే మంచు పొడిగా ఉంటుంది, భుజం మీద పడినా దులిపితే రాలిపోతుంది. 3 డిగ్రీల వాన అలా కాదు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర, కుట్ల వెంబడి దారి వెతుక్కుంటూ ఒంటిదాకా వస్తుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కనుక, పొడిగా ఉన్నప్పుడు వెచ్చగా అనిపించిన దుస్తులే తడిసిన తరువాత ఒంటికి చలిని అంటిపెడతాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగజారితే దానిని హైపోథెర్మియా అంటారు. ఆ స్థితి రావడానికి మంచు తుపాను అక్కరలేదు; తడిసిన బట్టలు, ఈదురుగాలి, అలసట కలిస్తే చాలు.

వేటకు కావలసిన దుస్తులు కొండలెక్కేవారి దుస్తుల కంటే భిన్నంగా ఉండడానికి ఒక కారణముంది. కొండ ఎక్కేవాడు కదులుతూనే ఉంటాడు. వేటగాడు తుపాకీ, సంచీ మోసుకుని గంటసేపు ఎత్తు ఎక్కి, ఆ తరువాత మంచె మీదనో పొద చాటుననో మూడు గంటలు కదలకుండా మాటు వేస్తాడు. నడకకు సరిపోయిన దుస్తులు కూర్చోవడానికి చాలవు. కూర్చోవడానికి సరిపోయినవి నడకలో చెమటతో తడిపి ముద్ద చేస్తాయి. దుకాణంలో తొడుక్కుని చూసినప్పుడు ఎంతో హాయిగా అనిపించే మందపాటి జాకెట్టు ఒకటి కొని, దానితోనే అన్నీ గడుస్తాయనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. నేనూ చేశాను. ఎంతో ఖర్చుపెట్టి కొన్న వాన జాకెట్టు కింద మామూలు నూలు బనియను వేసుకుని ఎత్తు ఎక్కి, చెట్టు మొదట్లో కూర్చున్న పావుగంటకు, వీపు మీద ఎవరో చన్నీళ్ల గుడ్డ పరిచినట్టయింది. ఆ రోజు వానచుక్క ఒక్కటి కూడా జాకెట్టు దాటి లోపలికి రాలేదు, నన్ను తడిపింది నా చెమటే.

అందుచేత ఎంపిక బయటి జాకెట్టుతో కాక, ఒంటిని ఆనుకుని ఉండే పొరతో మొదలుపెట్టాలి. ఇక్కడ నూలును పూర్తిగా పక్కన పెట్టడమే మేలు. బనియను, లోదుస్తులు, మేజోళ్లు, చివరకు జీన్స్ ప్యాంటు కూడా అందులోకే వస్తాయి. నూలు నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది, దాని పోగుల మధ్య ఉన్న గాలి పోతుంది, ఆరడానికి పూట పడుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగు లోపలికి తీసుకున్నా చేతికి తడిగా తగలదు. పైగా ఆ తేమను పీల్చుకునేటప్పుడు కొద్దిపాటి వేడిని విడుదల చేస్తుంది. మెరినో గొర్రెల సన్నని ఉన్ని ఒంటికి గుచ్చుకోదు, రోజుల తరబడి వేసుకున్నా వాసన పట్టదు. వాసనతో మనిషిని పసిగట్టే జంతువుల వేటలో ఇది చిన్న విషయం కాదు. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు కనుక త్వరగా ఆరుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, కాని రెండో రోజుకే కంపు కొడుతుంది. ఎక్కువ నడక ఉన్న ఒక్కరోజు వేటకు పాలిస్టర్, ఎక్కువసేపు కూర్చునే వేటకూ అడవిలో రెండు మూడు రాత్రులు గడిపే వేటకూ ఉన్ని అన్నది నా లెక్క. మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని రాస్తారు. నడకకు 150, కూర్చోవడానికి 200 నుంచి 250 సరిపోతుంది. ఒకే మందపు చొక్కా కంటే రెండు పలుచనివి ఉండడం మంచిది, ఎందుకంటే ఎత్తు ఎక్కాక తడిసినదాన్ని విప్పి పొడిదాన్ని తొడుక్కోవచ్చు.

వలలా అల్లిన బనియన్లు కూడా ఉన్నాయి. 1933లో నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రున్ పాత చేపల వలలతో తయారుచేసిన బనియనే వీటికి మూలం. చూడడానికి నవ్వు వస్తుంది కాని, ఆ కన్నాలలో గాలి నిలబడడం వల్ల పై పొర తడిసినా తడిగుడ్డ ఒంటికి అంటుకోదు. చెమట ఎక్కువగా పట్టేవారు తప్పక ప్రయత్నించవలసిన వస్తువు ఇది.

మధ్య పొర పని వేడిని నిలిపి ఉంచడం. ఫ్లీసు, అంటే నూగు లేపిన మెత్తటి పాలిస్టర్ గుడ్డ, తేలికైనది, చప్పుడు చేయదు, తడిసినా పిండి దులిపితే మళ్లీ పనికివస్తుంది. గాలిని ఆపలేకపోవడం దాని లోపం, అయితే నడకలో ఆ లోపమే చెమటను బయటకు పంపుతుంది. పక్షి ఈకలు నింపిన జాకెట్టు బరువుతో పోలిస్తే అన్నిటికంటే వెచ్చనిది. కాని ఈకలు తడిస్తే ఉండలు కట్టి చదునైపోతాయి, లోపల గాలి నిలవదు. ముసురు పట్టే చోట్లకు కృత్రిమ నార నింపిన జాకెట్టే నమ్మకమైనది. దానిని ఒంటి మీద కాదు, నీళ్లు చొరబడని సంచిలో చుట్టి వీపు సంచిలో మోయాలి. కాస్త చలిగా అనిపిస్తుండగానే నడక మొదలుపెట్టి, మాటు చేరగానే, వణుకు పుట్టకముందే దానిని అన్నిటికంటే పైన వేసుకోవాలి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది, ఎందుకంటే ఏ జాకెట్టూ వేడిని పుట్టించదు, మన ఒంట్లో ఉన్నదాన్నే కాపాడుతుంది. అందుకే దానిని వాన జాకెట్టు మీదుగా కూడా పట్టేంత వదులుగా ఎంచుకోవాలి.

ఇక బయటి పొర. డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేదీ, మోసపోయేదీ ఇక్కడే. 1969లో అమెరికా ఇంజినీరు బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్ పదార్థాన్ని చటుక్కున లాగి సాగదీసినప్పుడు, నీటి ఆవిరి దాటగలిగి నీటిబొట్టు దాటలేని అతి సూక్ష్మ రంధ్రాల పొర ఏర్పడింది. గోర్‌టెక్స్ దాని నుంచి వచ్చినదే. ఇప్పుడు ఆ తరహా పొరలు చాలా పేర్లతో దొరుకుతున్నాయి. జాకెట్టు చీటీ మీద 10,000 మిల్లీమీటర్లు, 20,000 మిల్లీమీటర్లు అని రాసి ఉండేది ఆ గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పే అంకె. నిలువునా పడే వానకు 10,000 చాలు, కాని తడినేల మీద మోకాలు ఆనించినప్పుడూ, సంచి పట్టీ భుజాన్ని నొక్కినప్పుడూ ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ప్యాంటుకూ భుజాలకూ 20,000 ఉండడం మంచిది. లోపలివైపు తిప్పి కుట్లన్నిటి మీదా టేపు అతికించి ఉందో లేదో చూడాలి. కొన్ని ముఖ్యమైన కుట్లకే టేపు వేసి అమ్మేవి చిరుజల్లుకు తప్ప పనికిరావు.

ఈ పొర గురించి ప్రకటనలు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. ఆవిరి బయటకు పోవాలంటే జాకెట్టు పైగుడ్డ పొడిగా ఉండాలి. కొత్తలో నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోయేది పైన పూసిన పూత వల్ల. ఆ పూత అరిగితే పైగుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతుంది. లోపలి పొర కారకపోయినా ఆవిరికి దారి మూసుకుపోయి, చెమట లోపలే నీరవుతుంది. జాకెట్టు కారుతోందని చాలామంది ఫిర్యాదు చేసేది ఈ స్థితిలోనే. ఇప్పుడు చాలామంది తయారీదారులు ఫ్లోరిన్ లేని పూతలకు మారారు. అవి నూనె మరకలకూ మురికికీ పాతవాటి మాదిరిగా తట్టుకోలేవు కనుక జాకెట్టును మరింత తరచుగా ఉతకాలి. వాటికి తగిన సబ్బుతో ఉతికి, చీటీ అనుమతిస్తే డ్రయ్యరులో కాస్త వేడి చూపిస్తే పూత మళ్లీ లేస్తుంది. బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఏ పొర అయినా ఎత్తు ఎక్కేటప్పుడు పట్టే చెమటనంతా బయటకు పంపలేదు కనుక చంకల కింద జిప్పులున్న జాకెట్టునే ఎంచుకోవాలి.

నీటిని ఆపడం ఒక ఎత్తయితే, చప్పుడు చేయకపోవడం మరో ఎత్తు. గట్టి నైలాన్ జాకెట్టు వానను చక్కగా ఆపుతుంది, కాని కొమ్మ రాసుకుంటే బరబరమంటుంది, తల తిప్పితే జాకెట్టు తలకప్పు చెవి పక్కన కాగితంలా గరగరలాడుతుంది. దుకాణంలో గోటితో గుడ్డను గీరి, చేతులు రెండూ పక్కలకు రాపిడి చేసి వినాలి. అల్లిన, నూగు లేచిన పైముఖం ఉన్నవి నిశ్శబ్దంగా ఉంటాయి. బదులుగా కొంచెం నీళ్లు పట్టి బరువెక్కుతాయి, ఆరడం ఆలస్యమవుతుంది. ఆల్ప్స్ కొండల వేటగాళ్లు ఇప్పటికీ వేసుకునే లోడెన్ అనే ఒత్తుగా గట్టిపరచిన ఉన్ని కోటు పూర్తిగా జలనిరోధకం కాదు కాని, జల్లును చాలాసేపు ఆపుతుంది, పొదల్లో దాని చప్పుడే వినపడదు. రోజంతా నడిచే వేటకు బరువు, మంచె మీద కూర్చునేవారికి మాత్రం దానిని మించినది తక్కువ. ఇక వెల్క్రో పట్టీలు. జేబుకైనా, మణికట్టుకైనా అవి ఉన్న దుస్తులను నేను తిరిగి పెట్టేస్తాను. జింక తలెత్తి చూస్తున్న క్షణంలో ఆ ‘చర్ర్’ శబ్దం ఎంత దూరం వెళ్తుందో ఒకసారి అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కొనే ముందు లోపలి పొరలన్నీ వేసుకుని, పైన జాకెట్టు తొడుక్కుని, తుపాకీని భుజానికి ఆనించే భంగిమలో నిలబడి చూడాలి. భుజం దగ్గర ముడత పడితే తుపాకీ అక్కడ తట్టుకుంటుంది. మందం పెరిగితే కన్ను తుపాకీ మీది దుర్భిణికి అందే దూరమే మారిపోతుంది. చేతులు పైకెత్తినప్పుడు మణికట్టు బయటపడితే వాన చేతి వెంబడి మోచేతిదాకా పారుతుంది. కొన్న తరువాత జాకెట్టుతోనే స్నానాల గదిలో షవరు కింద పదిహేను నిమిషాలు చేతులు ఎత్తి నిలబడితే, అడవిలో తెలియవలసిన లోపాలు ఇంట్లోనే తెలుస్తాయి, రసీదు చేతిలో ఉండగానే.

ప్యాంటు విషయంలో రెండే మాటలు. బూట్లు విప్పకుండా తొడుక్కోవడానికి పక్క జిప్పులు ఉండాలి, నడుముకు బెల్టు కంటే భుజపట్టీలు నయం. తడిగడ్డిలో నడిచేవారు పిక్కలకు గెయిటర్లు, అంటే బూటు పైభాగాన్ని కప్పే తొడుగులు, కట్టుకుంటే బూటులోకి నీళ్లు దిగవు. కూర్చోవడానికి నీళ్లు పీల్చని నురుగు చాప ముక్క ఒకటి సంచిలో ఉంచుకుంటే, మందపాటి ప్యాంటు చేయలేని పని అది చేస్తుంది.

బూట్లకు మాత్రం సమయం వెచ్చించాలి. ఎత్తుపల్లాల నడకకు జలనిరోధక పొర ఉన్న తోలు బూట్లు, చిత్తడి నేలల్లో గమ్ బూట్లు. గమ్ బూట్లలోకి బయటి నీరు రాదు, లోపలి చెమట పోదు. బూట్లలో నింపిన వెచ్చదనాన్ని కూడా గ్రాములలోనే చెబుతారు. నడిచేవారికి 200 దాటితే కాళ్లు చెమర్చి, కూర్చున్నాక చల్లబడతాయి, కదలకుండా కూర్చునేవారికి 800 పైన కావాలి. మందపాటి ఉన్ని మేజోళ్లు వేసుకుని, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసుకోవాలి. బిగుతైన బూటులో రెండో జత మేజోళ్లు ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి పాదం ఇంకా చల్లబడుతుంది. గడ్డకట్టని చలిలో కూడా గంటల తరబడి తడిసిన పాదాలు దెబ్బతింటాయని మొదటి ప్రపంచయుద్ధపు కందకాలలో సైనికులకు తెలిసివచ్చింది. మధ్యాహ్నం మార్చుకోవడానికి ఒక పొడి జత మేజోళ్లు సంచిలో ఉండాలి.

వేళ్లు కొంకర్లు పోతే మిగిలిన ఖర్చంతా వృథా. మందపాటి గ్లౌజుతో ట్రిగ్గరును తాకడం ప్రమాదకరం కూడా, ఎందుకంటే స్పర్శ తెలియక తుపాకీ అనుకోకుండా పేలవచ్చు. పలుచని ఉన్ని గ్లౌజు లోపల, వేళ్ల దగ్గర వెనక్కి మడవగలిగే మందపాటి తొడుగు పైన వేసుకోవడం అనువైన ఏర్పాటు. శరీరపు వేడిలో సగం తల నుంచే పోతుందన్న మాట నిజం కాదు. తల విస్తీర్ణం ఒంటిలో సుమారు పదో వంతు, పోయే వేడీ దాదాపు అంతే. అయినా టోపీ అవసరం. ముందు అంచు ఉన్న టోపీ ముఖం మీద వాన పడకుండా చూస్తుంది, జాకెట్టు తలకప్పు వేసుకోవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది. తలకప్పు కింద చెవులు సగం పనిచేయవు.

రంగుల గురించి దుకాణాలు చెప్పేంత ఉండదు. జింక జాతి కళ్లకు నారింజ, ఎరుపు రంగులు ఆకుపచ్చ, గోధుమ ఛాయల నుంచి వేరుగా కనపడవు. నీలం మాత్రం బాగా కనపడుతుంది. అందువల్ల తోటి వేటగాళ్లకు స్పష్టంగా కనిపించే మెరిసే నారింజ రంగు వేసుకోవడం వల్ల నష్టం లేదు, చాలాచోట్ల చట్టమే దానిని తప్పనిసరి చేసింది. వేటాడే చోట ఎంత విస్తీర్ణం కనపడాలన్న నియమాన్ని లైసెన్సు తీసుకునేటప్పుడే తెలుసుకోవాలి, వాన జాకెట్టు వేసుకున్నాక నారింజ చొక్కా కింద దాగిపోకుండా అన్నిటికంటే పైన పట్టే కొలత కొనాలి. బాతులవంటి పక్షులకు రంగులు బాగా కనపడతాయి కనుక అక్కడ నియమాలూ, దుస్తులూ వేరు. తెలుపును మెరిపించే రసాయనాలున్న సబ్బుతో ఉతికితే జింకల కళ్లకు గుడ్డ మెరుస్తుంది. ఆ సబ్బును, సువాసనల సబ్బును రెండింటినీ మానాలి.

డబ్బు పరిమితమైతే ముందు ఉన్ని లోదుస్తులు, బూట్లు, ఆ తరువాత వాన జాకెట్టు, తరువాత సంచిలో మోసే వెచ్చని జాకెట్టు కొనాలి. ఆకుల బొమ్మలు అచ్చువేసిన దుస్తులది చివరి స్థానం. తిరిగివచ్చిన సాయంత్రం జాకెట్టును వంకీకి తగిలించి, జిప్పులన్నీ తీసి గాలికి ఆరనివ్వాలి. బూట్ల లోపలి అట్టలు బయటకు తీసి, పాత వార్తాపత్రికలను ఉండలు చేసి కుక్కి, తడిసినప్పుడల్లా మార్చాలి. పొయ్యి పక్కన పెడితే తోలు పగిలి, అతికించిన అడుగు ఊడివస్తుంది.