‘దెబ్బ తగిలింది’ అని రాయొద్దు

ఇంట్లో తన్నులు తిన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి ‘మనసులో ఉన్నది రాసుకోండమ్మా, తేలికపడుతుంది’ అని ఎవరైనా చెప్తే మొదట్లో నాకు ఒళ్లు మండేది. బాడుగ కట్టాలి, పిల్ల ఫీజు కట్టాలి, కోర్టు వాయిదాకు తిరగాలి, ఇవన్నీ పెట్టుకుని డైరీ రాసుకోవాలంట! ఆ కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అనంతపురంలో ఒక్క గది ఇంట్లో, పిల్ల పడుకున్నాక, మిషన్ మీద కుట్టాల్సిన జాకెట్లు పక్కకు జరిపి మూడేళ్లుగా రాస్తూనే ఉన్నా. అందులో ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో అంతవరకే చెప్తా.

ముందు ఒక మాట. మీరింకా అదే ఇంట్లో ఉంటే రాయడం కంటే దాచడం ముఖ్యం. బీరువా, పరుపు కింద, బియ్యం డబ్బా, ఇవన్నీ వాళ్లు మొదట వెతికే చోట్లే. నేను పొదుపు సంఘం పాస్‌బుక్కుల సంచిలో పెట్టేదాన్ని, లోన్ కంతు కట్టే రోజు తప్ప ఆ సంచి జోలికి ఎవరూ రారు. అది కూడా కుదరకపోతే సంఘంలో నమ్మకమైన అక్క దగ్గర ఉంచండి. ఫోన్‌లో రాయాలనుకుంటే మాత్రం జాగ్రత్త, మీ వాట్సాప్ ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి ఉందేమో, మీ గూగుల్ పాస్‌వర్డ్ అతనికి తెలుసేమో చూసుకోకుండా ఒక్క అక్షరం రాయొద్దు. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి పుస్తకం సంగతి మర్చిపోయి 112కు ఫోన్ చేయండి, లేదంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి.

ఇక పుస్తకం. ఒకటి కాదు, రెండు కొనండి. పాతూరులో నేను లాంగ్ నోటుబుక్కులు రెండు తెచ్చుకున్నా, ఒకటి నీలం అట్ట, ఒకటి ఎర్ర అట్ట. ఈ రెంటినీ ఎప్పుడూ కలపొద్దు. కలిపితే రెండూ చెడతాయి, నేను మొదటి ఆరు నెలలు కలిపి రాసి ఆ తర్వాత లాయరమ్మ ముందు కూర్చుని, ఏడుపు మధ్యలో తేదీలు వెతుక్కున్నా.

నీలం అట్టది లెక్కల పుస్తకం. ఏ రోజు, ఏ టైం, ఎక్కడ, ఏం చేశాడు, ఏమన్నాడు, నాకు ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు. అంతే. ‘రాక్షసుడు’, ‘నా ఖర్మ’ లాంటి మాటలు ఇందులో వద్దు. నా పుస్తకంలో ఒక పేజీ ఇట్లుంది: ‘కదిరి తేరు అయిపోయిన మూడో రోజు. రాత్రి అన్నం వేళ. సంగటి చల్లారిందని నా భర్త తట్ట విసిరాడు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతి కింద వాచింది. పక్కింటి అక్క తలుపు కొట్టింది, పొమ్మన్నాడు.’

తేదీ లేదు చూడండి. మనకు తేదీలు గుర్తుండవు, తేరు గుర్తుంటుంది, చెనక్కాయలు పీకే రోజులు గుర్తుంటాయి, పిల్లకు జ్వరమొచ్చిన వారం గుర్తుంటుంది. ముందు అట్లే రాసెయ్యండి. తర్వాత తీరిగ్గా పాత తెలుగు క్యాలెండర్ పక్కన పెట్టుకుంటే తేదీ దొరుకుతుంది. పాల లెక్కల గీతలు, గ్యాస్ బుకింగ్ మెసేజ్, పుట్టింటికి పోయిన బస్సు టికెట్టు, ఇవన్నీ తేదీలే. పేజీలకు నంబర్లు వేయండి, పెన్నుతోనే రాయండి, తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన సరిగా రాయండి, కాగితం మాత్రం చింపొద్దు. ఈ పుస్తకం ఒక్కటే సాక్ష్యమైపోతుందని కాదు. కానీ జరిగిన వెంటనే రాసుకున్నది ఉంటే పోలీసుకు, లాయరుకు, జడ్జికి ఒకే మాట చెప్పగలుగుతాం. మాట మారిందంటే మన గతేమిటో వేరే చెప్పాలా?

డబ్బు సంగతి కూడా ఇందులోనే రాయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాంట్లో కొట్టడమే కాదు, బూతులు తిట్టి అవమానించడం, లైంగికంగా హింసించడం, డబ్బు కట్టడి చేయడం అన్నీ హింస కిందికే వస్తాయి. డ్వాక్రా లోన్ మన పేరు మీద తీయించి తాను వాడుకోవడం, కమ్మలు తాకట్టు పెట్టడం, ఏటీఎం కార్డు లాక్కోవడం, అన్నీ తేదీ, మొత్తం వేసి రాయండి. ఈ చట్టం కింద ఆడవాళ్ల ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి దగ్గరికి పోతే మీరు చెప్పింది ఒక రిపోర్టుగా రాస్తారు, నీలం పుస్తకం ముందు పెట్టుకుని చెప్తే ఏదీ తప్పిపోదు. లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగులో కొట్టినవాణ్ని కనపడకుండా చేసే మాటలు ఎన్నున్నాయో రాయడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది. ‘దెబ్బ తగిలింది.’ ‘గొడవైంది.’ ‘మాటా మాటా పెరిగింది.’ ‘చెయ్యి చేసుకున్నారు’, దీనికి మళ్లీ గౌరవం ఒకటి! ఒకసారి పెదవి చిట్లి కుట్లు వేయించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు ఎట్లా తగిలిందమ్మా అని అడిగితే, పక్కన అత్త నిలబడి ఉండబట్టి ‘బాత్రూంలో జారిపడ్డా సార్’ అన్నా. ఆయన అదే రాశాడు. రెండేళ్ల తర్వాత ఆ చీటీ నా కేసులో నాకే అడ్డం వచ్చింది. ఆ రోజు నన్ను అబద్ధం ఆడించింది భయమే, కానీ ఆ వాక్యం మాత్రం నా నోటి నుంచే వచ్చింది.

అందుకే రాశాక ప్రతి వాక్యం దగ్గర ఆగి ‘ఎవరు?’ అని అడగండి. దెబ్బ తగిలింది, ఎవరు కొట్టారు? పుస్తెలతాడు తెగింది, ఎవరు లాగారు? జవాబు వచ్చేలా వాక్యం మార్చి రాయండి. చేతులు వణుకుతాయి, మొదటిసారి నేను ‘తోశాడు’ అని రాసి పుస్తకం మూసేసి బయటికి పోయి నిలబడ్డా. కానీ ఒకసారి రాశాక ‘నేనేం తప్పు చేశానో’ అన్న లెక్క కొంచెం కొంచెంగా తగ్గింది.

ఎర్ర అట్టది మీ ఒక్కరిదే. ఇందులో వ్యాకరణం లేదు, తప్పొప్పులు లేవు, మన యాసలోనే రాయండి, తిట్లు వస్తే తిట్లే రాయండి. జేమ్స్ పెనబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమకు జరిగిన ఘోరాల గురించి రాయించాడు, ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. రాసిన రోజు వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదీ, దాని బాధా రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు పోయారు. వాళ్లు కాలేజీ పిల్లలు, రాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాళ్లు కాదు. కాబట్టి బయటపడి, కాస్త కుదుటపడ్డాకే ఈ పని పెట్టుకోండి. ఫోన్‌లో 15 నిమిషాలు టైమర్ పెట్టుకోండి, మోగగానే ఆపేయండి, ఆ తర్వాత చేతికి పని ఉండేలా చూసుకోండి. నేనైతే కాజాలు కుట్టేదాన్ని. రాస్తుంటే ఊపిరాడనట్టయితే అక్కడికక్కడే ఆపి వేరే సంగతి రాయండి, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, చావాలనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడండి.

రాయడం రానివాళ్ల మాటేమిటని అడుగుతారు. ఇంకొకరు రాసి పెట్టొచ్చు. పోయిన ఎండాకాలం జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక అమ్మకు, నా తల్లి వయసు ఉంటుంది, నేను నీలం పుస్తకంలో రాసి పెట్టా. ‘దెబ్బ తగిలింది రా తల్లీ’ అని మొదలుపెట్టింది. ఎవరు కొట్టారమ్మా అన్నా. ‘ఇంగెవరు, ఆయప్పే’ అంది. పేరు చెప్పమన్నా. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పెరిగిన మనిషి, నలభై ఏళ్లలో ఒక్కసారి పలకలేదంట. టీ పెట్టి ఇచ్చా, తాగింది. రెండో టీ కూడా తాగింది. అప్పుడు గోడ వైపు తిరిగి, పేరు చెప్పింది. రాశా. చదివి వినిపించమంటే వినిపించా. ఇంకోసారి చదవమంది.