చర్మ క్యాన్సర్ తీశాక గాయం మూయడం – 4వ పాఠం: కింది రెప్ప దగ్గర గీత ఎటు?

ఈ పాఠంలో ఫ్లాప్‌ల గురించి, అంటే పక్కనున్న చర్మాన్ని దాని రక్తప్రసరణ తెగకుండా గాయం మీదికి జరపడం గురించి, మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చూశాక అది వాయిదా పడింది.

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది: కింది రెప్ప అంచుకు 12 మిల్లీమీటర్ల దిగువన 8 మిల్లీమీటర్ల గుండ్రటి గాయం, కుట్టు గీత ఎటు పెడతారు? దాదాపు అందరూ రెప్పకు సమాంతరంగా, అడ్డంగా గీశారు. "ముడతల వెంటే గీత పెట్టమన్నారు కదా సార్" అని పైగా నాకే అప్పజెప్పారు. అన్నాను. నుదుటి మీద, చెంప మధ్యలో ఆ మాట చెల్లుతుంది. రెప్ప, పెదవి, ముక్కుపుటం అంచుల దగ్గర చెల్లదు.

గీత అడ్డంగా ఉంటే లాగుడు నిలువుగా పడుతుంది. చెంప బరువైనది, కదలదు. రెప్ప అంచును కదలకుండా గట్టిగా పట్టి ఉంచేదేమీ లేదు, కాబట్టి అదే దిగుతుంది. టేబుల్ మీద పడుకున్న మనిషికి ఇదేమీ కనబడదు, కుట్టు ముచ్చటగా ఉంటుంది. లేచి కూర్చున్నాక, మచ్చ బిగిశాక రెప్ప బయటికి తిరుగుతుంది. కన్ను ఎర్రబడి, నీరు కారుతూ మీ దగ్గరికే తిరిగొస్తుంది. అందుకే ఇక్కడ గీత రెప్ప అంచుకు నిలువుగా ఉండాలి. ముడతలను అడ్డంగా కోసినా సరే, లాగుడు పక్కలకు పోవాలి.

మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే చూసుకోండి. ఇచ్చాక చర్మం ఉబ్బి అబద్ధం చెబుతుంది. మనిషిని కూర్చోబెట్టి, గాయం రాబోయే చోట చర్మాన్ని రెండు వేళ్లతో దగ్గరికి పట్టి, పైకి చూస్తూ నోరు బాగా తెరవమనండి. రెప్ప అంచు వెంట్రుకవాసి దిగినా ఆ దిశ వదిలేయండి. పెద్దవయసు వాళ్లలో ఇంకో పని: రెప్పను కిందికి లాగి వదలండి. కన్ను ఆర్పేదాకా అది వెనక్కి రాకపోతే అసలే వదులు రెప్ప, మరింత జాగ్రత్త.

మిగతావి క్లుప్తంగా. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని రిపోర్ట్ రాకుండా ఫ్లాప్ తిప్పకండి. కణజాలం చోటు మారిందంటే, మిగిలిపోయిన క్యాన్సర్ ఎక్కడుందో వెతకడం కష్టం. ఎముకను కప్పే పలుచటి పొర కూడా లేని ఒట్టి ఎముక మీద గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి పూర్తిగా కోసి తెచ్చి అతికించే చర్మం) బతకదు, దానికి రక్తం అందించేదేదీ అక్కడ లేదు. కంటి లోపలి మూల, కణత, చెవి గిన్నె లాంటి గుంట చోట్ల చిన్న, లోతులేని గాయమైతే నేను చాలాసార్లు కుట్టకుండానే వదిలేస్తాను. వారాలు పడుతుంది, రోజూ డ్రెస్సింగ్ మార్చాలి, కానీ మచ్చ బాగా కలిసిపోతుంది. కుట్టకపోతే పని చేయనట్టు కొందరికి చేతులు దురద పెడతాయి, ఆపుకోండి. రెప్పకు ఆనుకుని ఉన్న గాయాన్ని మాత్రం అలా వదలకండి, మానుతూ ముడుచుకుని అదీ రెప్పనే లాగుతుంది.

అభ్యాసం: అద్దం ముందు కూర్చుని మీ ముఖం మీదే కనుబొమల పెన్సిల్‌తో ఆరు చోట్ల 1 సెంటీమీటరు వలయాలు గీయండి: నుదురు, కణత, ముక్కు కొన, ముక్కుపుటం మడత, పై పెదవి, చెంప. ఒక్కోదాన్ని రెండు దిశల్లో వేళ్లతో పట్టి, ఏ అంచు ఎంత కదిలిందో రాయండి. తర్వాత అక్కడ గాయం మూయడానికి మీ మొదటి పద్ధతి, అది కుదరకపోతే రెండోది రాయండి. "ఫ్లాప్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఒప్పుకోను, ఆ చర్మం ఎటువైపు నుంచి తెస్తారో బాణం గీయాలి. మోకాలి కింద ఎముక మీద 2 సెంటీమీటర్ల గాయానికి కూడా ఒక జవాబు కావాలి, అక్కడ చర్మం ఎంత సాగుతుందో ముందు మీ కాలి మీదే పట్టి చూడండి.