రెడీమేడ్ పశువుల సాల చేయిస్తున్నారా, ముందు కింద బోల్టు చూడండి

మా శ్రీకాకుళం జిల్లా మందస, పలాస వైపు తాటాకు సాల వేయించుకునేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆకు కప్పే మనిషి దొరకడు, దొరికినా కొన్నేళ్ళకోసారి మళ్ళీ కప్పించాల్సిందే. అందుకని ఇప్పుడు అందరూ వెల్డింగ్ షాపుకు వెళ్ళి కొలతలు చెప్పి, స్తంభాలూ, కప్పును మోసే ఇనుప చట్రాలూ (ట్రస్సులు) అక్కడే తయారు చేయించి, ట్రాక్టరు మీద తెచ్చి రెండు రోజుల్లో బిగించేసుకుంటున్నారు. పద్ధతి మంచిదే. నేనూ ఇలాంటివి రెండు చేయించాను. మొదటిది తిత్లీ తుపానుకు లేచిపోయింది, రెండోది ఇప్పటికీ నిలబడి ఉంది. రెండింటికీ ఇనుము దాదాపు ఒకటే, రేకు కూడా ఒకటే. తేడా అంతా నేను అడగాల్సినవి అడగకపోవడంలోనే ఉంది. అవేమిటో రాస్తున్నాను, కొత్తగా కట్టించుకునేవాళ్ళకు పనికొస్తాయి.

మా పెద్దక్క కొడుకు అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. అక్కడ ఆమిష్ అనే సమాజం వాళ్ళు గుర్రపుశాలలు చేసి అమ్ముతుంటే వీడియో తీసి పంపాడు. శాలను చాలావరకు వర్క్‌షాపులోనే చెక్కతో చేసేసి లారీ మీద తెచ్చి, ముందే కంకర పోసి చదును చేసి ఉంచిన చోట దించుతున్నారు. ఒక్కో గుర్రానికి 12 అడుగులకు 12 అడుగుల గది. లోపలి గోడకు కింది నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా మందపాటి పలకలు వేశారు, ఎందుకంటే గుర్రం తన్నుతుంది. ఆ ఆమిష్‌వాళ్ళు ఇప్పటికీ కార్లు కొనరు, గుర్రపు బండి మీదే బజారుకు వెళ్తారు. కాబట్టి గుర్రం ఎక్కడ తన్నుతుందో, ఎక్కడ ఒళ్ళు రుద్దుకుంటుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు ఆ వీడియోలో నచ్చింది చెక్క కాదు, ఆ సంగతి. మన దగ్గర కూడా షాపువాడిని ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది 'చదరపుటడుగు రేటు ఎంత' అని కాదు, 'మీ ఇంట్లో పశువులున్నాయా' అని. గేట్లూ గ్రిల్సూ మాత్రమే చేసేవాడు గాడి (మేత తొట్టి) కొసన పైపు అంచు పదునుగా వదిలేస్తాడు, గేదె మెడ అక్కడే తగులుతుంది. ఇంట్లో పాడి ఉన్నవాడు చెప్పకుండానే దాన్ని గుండ్రంగా మూసేస్తాడు.

షాపుకు వెళ్ళేముందు ఇంటి దగ్గర టేపు పట్టుకోండి. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క ప్రకారం ఆవుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, గేదెకు నాలుగు కావాలి, అంటే గేదెకు సుమారు 43 చదరపుటడుగులు. అంతకు రెట్టింపు జాగా బయట తిరగడానికి ఉండాలి. చిన్న దూడకు కప్పు కింద ఒక చదరపు మీటరు, బయట రెండు. ఇవి కాగితం మీద లెక్కలు, వీటిని మీ పశువు పక్కన పెట్టి చూసుకోవాలి. నావి నాలుగు గేదెలు. ఒక్కోదానికి నాలుగడుగుల వెడల్పు, దూడలకు ఒక మూల నాలుగడుగులు, మొత్తం ఇరవై అడుగుల పొడవు. లోతుకు గేదె నిలబడే జాగా ఐదున్నర అడుగులు, గాడి రెండు, గాడి ముందు మనిషి నడిచి మేత వేయడానికి మూడున్నర, వెనక కాలువ అడుగు, పేడ ఎత్తడానికి మూడు, మొత్తం పదిహేను. చాలామంది ఆ ముందు దారి మిగలకుండా గాడిని గోడకు ఆనించేస్తారు. అప్పుడు గడ్డి వేయడానికి రోజూ రెండుపూటలా గేదెల మధ్య నుంచి దూరి వెళ్ళాల్సి వస్తుంది, ఇంట్లో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ. మూడున్నర అడుగులు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, నిజమే, కానీ ఆ జాగా మాత్రం తగ్గించకండి.

ఇప్పుడు అసలు విషయం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. మా మొదటి సాల అప్పటికి కట్టి ఏడాది. తెల్లారి చూస్తే కప్పు, స్తంభాలతో సహా పక్క జీడితోటలో బోర్లా పడి ఉంది. ట్రస్సు వంగలేదు, వెల్డింగు ఊడలేదు. స్తంభం అడుగున ఉన్న ఇనుప పలకను దగ్గరగా చూశాను. నాలుగు బోల్టులూ పలకకే ఉన్నాయి, ఒక్కో బోల్టు చుట్టూ కొబ్బరి చిప్పంత సిమెంటు ముద్ద అంటుకుని పైకి వచ్చేసింది. అంటే నేల మీద పోసిన మూడంగుళాల కాంక్రీటుకు డ్రిల్లు కొట్టి ఫాస్టనర్లు బిగించి వెళ్ళిపోయారు, దాని కింద పునాది అనేదే లేదు. బిగించేటప్పుడు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఏం అడగాలో తెలియదు. స్తంభానికి పలుపుతో కట్టేసి ఉన్న పెయ్యదూడ దానితోపాటే ఈడ్చుకుపోయి చనిపోయింది. ఆ షాపువాడిని అడిగితే 'తుపానుకు ఎవరేం చేస్తారు' అన్నాడు. చేయొచ్చు. రెండోసారి చేయించాను.

పక్కలు తెరిచి ఉన్న షెడ్డుకు గాలి కింద నుంచి దూరి కప్పును పైకి తోస్తుంది, పై నుంచి వెళ్ళే గాలి అదే కప్పును పైకి లాగుతుంది. కాబట్టి మన తీరంలో షెడ్డు బరువును మోయడం కంటే, షెడ్డు ఎగిరిపోకుండా పట్టుకోవడమే పునాదికి పెద్ద పని. విశాఖకు బీఐఎస్ పెట్టిన గాలి లెక్క సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన తీరానికీ అదే లెక్క పెట్టుకోండి, 'ఈ షెడ్డు 180కి ఆగుతుందా, లెక్క ఎవరు వేశారు' అని షాపులో నేరుగా అడగండి. నీళ్ళు నమిలితే వేరే షాపు చూసుకోవడం మంచిది, లేదా డ్రాయింగు తీసుకుని ఒక సివిల్ ఇంజనీరుకు చూపించండి. నేను చేయించింది ఇది: ఒక్కో స్తంభానికి రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గొయ్యి తీసి, జె ఆకారంలో వంచిన నాలుగు పొడుగాటి బోల్టులను ఇనుప చట్రంలో నిలబెట్టి, వాటి చుట్టూ కాంక్రీటు పోయించాను. బోల్టు ముందు, కాంక్రీటు తర్వాత. ఉద్దానం ఇసుక నేలల్లో గొయ్యి ఇంకా వెడల్పుగా తీయాలి, ఇసుక పట్టు ఇవ్వదు. వారం రోజులు నీళ్ళు పట్టాకే స్తంభాలు తెమ్మని చెప్పాను. ఇంకొకటి, పునాది దిమ్మను నేలకంటే అడుగున్నర పైకి లేపి దాని మీద స్తంభం నిలబెట్టించాను. పేడ, ఉచ్చ, సముద్రపు ఉప్పుగాలి మూడూ కలిసి ఇనుమును తినేది ఆ కింది అడుగులోనే. పైన నిగనిగలాడుతున్న స్తంభం అడుగున అట్టలా పొరలు ఊడుతున్న షెడ్లు మా ఊళ్ళోనే నాలుగున్నాయి.

ఇనుము విషయంలో మోసపోవడం చాలా తేలిక, ఎందుకంటే మందం కంటికి కనబడదు. చదరపుటడుగు లెక్కన రేటు చెప్తే, మొత్తం ఎన్ని కిలోల ఇనుము వేస్తారో కాగితం మీద రాయమనండి. సరుకు ట్రాక్టరుకు ఎక్కాక దారిలో వేబ్రిడ్జి మీద కాటా వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి. చిన్న లెక్క ఒకటి గుర్తుంచుకోండి. రెండంగుళాల చదరపు పైపు 20 అడుగులది 2 ఎంఎం మందమైతే 17, 18 కిలోలు తూగుతుంది. 14 దగ్గర ఆగిందంటే అది 1.6 ఎంఎం పైపు. జీఐ (జింకు పూత వేసిన) పైపు అని చెప్పి వెల్డింగు చేస్తే అతుకు దగ్గర జింకు పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు రెండు పూతలు వేయకపోతే మొదటి వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. తుడిచి రంగేసిన అతుకు కాకుండా, రంగు వేయకముందు అతుకు చూడటానికి షాపుకు వెళ్ళండి. వాళ్ళు విసుక్కుంటారు, పర్వాలేదు.

కప్పు రెండు వైపులా వాలుగా ఉండాలి, వాలు 20 నుంచి 30 డిగ్రీల మధ్య. బల్లపరుపుగా వేస్తే ఇనుము కొంచెం మిగులుతుంది, కానీ పెద్దగాలికి ముందు లేచేది అదే. చూరు ఎక్కువ బయటకు ఉంటే జల్లు పడదని మనవాళ్ళు మూడడుగులు వదలమంటారు, గాలి పట్టు దొరికేది సరిగ్గా అక్కడే, అడుగున్నర దాటనివ్వకండి, జల్లుకు పరదా కట్టుకోవచ్చు. రేకు 0.5 ఎంఎం తీసుకోండి. స్క్రూలు రబ్బరు వాషర్లతో ఉండాలి, చూరు దగ్గరా, రెండు వాలులూ కలిసే నడికొప్పు దగ్గరా రేకు ప్రతి మిట్టకూ ఒకటి, మధ్యలో మిట్ట విడిచి మిట్టకు. ఇక్కడ స్క్రూలు మిగిల్చుకోవడం బిగించే కుర్రాళ్ళకు అలవాటు, కింద నిలబడి లెక్కపెట్టండి. స్తంభాల మధ్య రెండు చోట్లయినా ఇంటూ ఆకారంలో ఏటవాలు కడ్డీలు వేయించండి, అవి లేకపోతే షెడ్డు పక్కకు ఒరుగుతుంది. సిమెంటు రేకులు మాత్రం వద్దు. తిత్లీకి మా వీధిలో పగిలిన ముక్కలు కత్తుల్లా వచ్చి పడ్డాయి.

ఇనుప రేకు కింద వైశాఖంలో గేదె పడే బాధ కూడా ముందే ఆలోచించాలి. గేదెకు నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ, ఎండ తగిలితే పాలు తగ్గిపోతాయి. చూరు ఎత్తు కనీసం ఎనిమిది అడుగులు, నడికొప్పు పన్నెండు ఉంచండి, నడికొప్పు దగ్గర వేడి గాలి పోవడానికి సందు, దాని మీద చిన్న టోపీ రేకు. పొడవు తూర్పు పడమరలుగా పెడితే ఎండ పక్కల నుంచి తక్కువ పడుతుంది. తెల్ల రంగు రేకు అడగండి. నేను రేకు కింద వెదురు తడకల మీద తాటాకు ఒక వరస పరిపించాను, మధ్యాహ్నం ఆ కింద నిలబడితే తేడా మీకే తెలుస్తుంది. చుట్టూ గోడ కట్టొద్దు. నాలుగడుగుల గోడ ఈదురుగాలి వచ్చే ఒక్క వైపు చాలు.

నేల గురించి ఎక్కువ చెప్పేది లేదు. నున్నగా పూత వేయనివ్వకండి, చూడి గేదె జారిందంటే నష్టం ఎంతో మీకు తెలుసు. గరుకు కాంక్రీటు, గీతలు కొట్టించి, నలభై అంగుళాలకు ఒక అంగుళం చొప్పున కాలువ వైపు వాలు. గాడి అడుగు భాగం పశువు నిలబడే నేలకంటే నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తులో ఉంటే చాలు, తల వంచి తినడమే దానికి అలవాటు.

కట్టేసే కడ్డీని స్తంభానికి వేయించొద్దు, నేలలో విడిగా పాతించండి. పలుపు ఒక్క లాగుతో ఊడే కొక్కెం పెట్టించండి. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి నేను ఇప్పుడు అన్నిటినీ విప్పేస్తాను. కట్టేసిన పశువుకు తప్పించుకునే దారి ఉండదు, ఆ పెయ్యదూడ సంగతి నేను మరిచిపోలేదు.

డబ్బు ఇచ్చే ముందు ప్రభుత్వ పథకం కింద గోకులం అనే పశువుల షెడ్డు మీకు వస్తుందేమో పశువైద్యశాలలో కనుక్కోండి. వచ్చినా పునాది విషయంలో పైన చెప్పినవన్నీ అడగొచ్చు. సొంతంగా చేయిస్తే సగం కంటే ఎక్కువ అడ్వాన్సు ఇవ్వకండి, చివరి విడత బోల్టులు బిగించి మీరు స్పానరు పెట్టి చూసుకున్నాకే. కొలతలు, పైపు మందం, రేకు మందం, మొత్తం కిలోలు, బోల్టు పొడవు, అన్నీ ఒకే కాగితం మీద సంతకంతో ఉండాలి. లారీ మీ సందులోకి తిరుగుతుందో లేదో, పైన కరెంటు తీగ ఎంత ఎత్తులో ఉందో వాళ్ళొచ్చి చూడాలి. మా ఊళ్ళో ఒకరి ట్రస్సు సందు మొదట్లో ఇరుక్కుని మళ్ళీ కోసి అతికారు, ఆ అతుకే ఇప్పుడు వంగింది.

ఇక ఎప్పుడు చేయించాలి? ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. తేదీలు చూశారుగా. సంక్రాంతి వెళ్ళాక ఆర్డరిచ్చి, ఎండల్లో పునాది పోయించి, వానలు పడేలోపు బిగించేసుకోండి. దసరాకు పూర్తి చేస్తామనేవాడిని ఒప్పుకోవద్దు.

నా సాలకు ఆరు స్తంభాలు, ఇరవైనాలుగు బోల్టులు. బిగించిన రోజే ప్రతి బోల్టుకూ దాని నట్టుకూ కలిపి తెల్ల పెయింటుతో ఒక్కో గీత గీశాను. వినాయక చవితి వెళ్ళగానే ఏటా ఒకసారి వంగి చూస్తాను, గీత కలిసి ఉంటే నట్టు కదల్లేదన్నట్టు. పోయినేడు రెండింటికి గీత పక్కకు జరిగి ఉంది, స్పానరు తెచ్చి బిగించి, పాత గీత గీకేసి కొత్తది గీశాను.