పెద్ద పుస్తకాన్ని విప్పి మళ్లీ అమర్చడం: వర్డ్, రైటర్‌లలో అవుట్‌లైన్

2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. కందుకూరు, ఉలవపాడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి. సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి తిరుపతికి, చీరాల ప్రకాశం నుంచి బాపట్లకు వెళ్లాయి. అంతకుముందు జిల్లాల వారీగా స్థానిక చరిత్ర రాసుకున్నవాళ్లు దాన్ని విషయాల వారీగా మార్చుకోవడమే మేలు. వెంకటగిరి, చీరాల రెండూ ‘చేనేత’ కిందికి చేరితే, హద్దులు ఇంకోసారి కదిలినా అధ్యాయం కదలదు.

ఇంత పనికి కట్, పేస్ట్ నమ్మకూడదు. పేజీల కొద్దీ సెలెక్ట్ చేసేటప్పుడు చివరి పేరా ఒకటి జారిపోతుంది, అచ్చయ్యాక గానీ కనబడదు. దానికి బదులు శీర్షికలను పట్టుకుని భాగాలను కదిపే అవుట్‌లైన్ వాడాలి, ముందు మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఎలాగో చూద్దాం.

ముందు ఫైలుకు వేరే పేరుతో కాపీ తీసి పెట్టుకోండి. ట్రాక్ చేంజెస్ ఆపేయండి. లేకపోతే కదిపిన ప్రతి భాగమూ మార్పుగా నమోదై పేజీలు చదవలేకుండా పోతాయి.

అసలు పని శీర్షికలతో మొదలవుతుంది. అక్షరాలు లావుగా, పెద్దగా చేసినంత మాత్రాన వర్డ్ దాన్ని శీర్షికగా గుర్తించదు, హెడింగ్ స్టైల్ ఇవ్వాల్సిందే. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఆల్ట్+1, ఉపశీర్షికకు 2, దాని కిందిదానికి 3. మూడు మెట్లకు మించితే పాఠకుడికీ దారి తప్పుతుంది. పాత ఫైల్లో లావు అక్షరాల శీర్షికలు చాలా ఉంటే ఒకదానిలో కర్సర్ ఉంచి, హోమ్ ట్యాబ్‌లో ఎడిటింగ్ కింద ఉన్న సెలెక్ట్ నొక్కి, ఒకే ఫార్మాటింగ్ ఉన్నవాటిని ఎంచుకునే వరుస నొక్కండి. అన్నీ ఒకేసారి పట్టుబడతాయి. వాటిలో శీర్షిక కాని వాక్యాలూ ఉండొచ్చు, చూసుకోండి.

ఇప్పుడు వ్యూ ట్యాబ్‌లో అవుట్‌లైన్ తెరిచి ఆల్ట్+షిఫ్ట్+1 నొక్కితే అధ్యాయాల పేర్లు మాత్రమే మిగులుతాయి. వరుస నిర్ణయించాల్సింది ఈ చూపులోనే, వాక్యాలు కనబడుతుంటే మనసు వాటిని దిద్దడం మీదికి పోతుంది. ‘చేనేత’ అని కొత్త అధ్యాయం పేరు రాసి, ఆల్ట్+షిఫ్ట్+2తో ఉపశీర్షికలు తెరిచి, ‘వెంకటగిరి చీరలు’ మీద ఆల్ట్+షిఫ్ట్+పై బాణం గానీ కింది బాణం గానీ నొక్కుతూ దాని కిందికి చేర్చండి. ఆల్ట్+షిఫ్ట్‌తోనే కుడి బాణం ఒక మెట్టు దింపుతుంది, ఎడమ బాణం ఎక్కిస్తుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. శీర్షిక ముడిచి ఉంటే దాని కిందిదంతా వెంట వస్తుంది. విప్పి ఉంటే శీర్షిక ఒక్కటే కదిలి, పేరాలు పాతచోటే ఉండి పై శీర్షికకు అతుక్కుంటాయి. విప్పి ఉన్నదాన్ని కదపాలంటే పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కండి, మొత్తం సెలెక్ట్ అవుతుంది. తేడా వస్తే వెంటనే కంట్రోల్+జెడ్.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో శీర్షికలకు కంట్రోల్+1, 2, 3. ఎఫ్5 నొక్కితే నావిగేటర్ వస్తుంది. అందులో శీర్షికను పట్టి లాగితే ఉపశీర్షికలతో సహా కదులుతుంది. తెలుగు శీర్షికల సైజు మారకపోతే స్టైల్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఫాంట్ చూడండి, తెలుగు దాని కిందికే వస్తుంది.

కదిపాక చేతిపనే ఎక్కువ. చేత్తో టైపు చేసిన ‘3.2’ లాంటి అంకెలు తప్పుతాయి, వాటిని తీసేసి హెడింగ్ స్టైళ్లకు కట్టిన మల్టీలెవెల్ లిస్ట్ వాడండి, అంకెలు అదే వేస్తుంది. ‘పైన చెప్పినట్టు’, ‘వచ్చే అధ్యాయంలో’ అన్న మాటలను ఫైండ్‌తో వెతికి ఒక్కొక్కటీ సరిచేయండి. మొదటిసారి వివరించిన మాట ఇప్పుడు వెనక్కి పోయి ఉండొచ్చు, వివరణను ముందుకు తేవాలి. అడ్డపేజీ పట్టిక చుట్టూ ఉన్న సెక్షన్ బ్రేక్ ఒకటి విడిపోతే పక్క పేజీలూ అడ్డం తిరుగుతాయి. చివరగా వర్డ్‌లో కంట్రోల్+ఏ, ఎఫ్9 కొడితే విషయసూచిక కొత్త వరుసకు వస్తుంది.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలైతే వర్డ్‌లో శీర్షికల జాబితా చూపే పక్క పట్టీ, అంటే నావిగేషన్ పేన్‌లో శీర్షికలు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడతాయి. ఆ ఫాంట్లు తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెడతాయి, పేన్‌కు మాత్రం తన ఫాంటే ఉంటుంది. అలాంటి ఫైలును ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, తర్వాతే శీర్షికల పనికి దిగాలి.